ఖాళీ మేకు

ఆ గురువారం ఉదయానికి ఎనక్ రడ్కిన్ చేతిలో ఉన్న ఆస్తి ఇది. బతిమాలితే తప్ప మూడో గేరు పడని ఒక లారీ. దాని తలుపు మీద తెల్ల రంగుతో రాసిన 'రడ్కిన్, పాత ఇనుము, ఓకమ్, రట్లండ్' అన్న మాటలు. వాటిలో చివరి మాటకి ఆదివారంతో కాలం చెల్లిపోతోంది. పెరట్లో వానకి తడుస్తున్న పోత ఇనుప పొయ్యిలు కొన్ని, ఒక పెద్ద కాటా. కొట్లో బల్ల వెనక అక్క నెల్, ఆవిడ నోరు. ఇవి కాక మార్‌ఫీల్డ్ గేట్ల బేరం. అతని దగ్గరున్న సరుకంతటిలోకీ అదే పాతది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన ఏడాది మొదలుపెట్టాడు, ఇంకా తెగలేదు.

ఆ రోజు పని కోట హాల్లో పడింది. కోట అని పేరే గాని మిగిలింది ఆ హాలొక్కటే. మూలనున్న బొగ్గు పొయ్యి బీటవారింది, వచ్చి పట్టుకుపొమ్మని కబురొచ్చింది. ఎనక్ మోకాళ్ళ మీద కూచుని పొగగొట్టం బోల్టులకి నూనె పోస్తున్నాడు. తుప్పు పట్టిన బోల్టుతో తొందర పనికిరాదు. నూనె పోసి, కాసేపు దాని సంగతి మరిచిపోయినట్టు నటించాలి.

హాలు నిండా జనం. మామూలుగా మార్చి నెలలో ఇద్దరు ముగ్గురు వస్తే ఎక్కువ. సోమవారం నుంచి రట్లండ్ కౌంటీ ఉండదు, పక్కనున్న లెస్టర్‌షైర్‌లో కలిసిపోతుంది అనేసరికి, పుట్టి బుద్ధెరిగి కోట గుమ్మం తొక్కనివాళ్ళు కూడా వచ్చి తలలెత్తి గోడలు చూస్తున్నారు. గోడల నిండా లాడాలు. ఏ గుర్రం కాలికీ పట్టనంత పెద్దవి, బంగారు పూత పూసినవి, నెత్తిన కిరీటాలు తీర్చినవి. ఒక్కోదాని మీద ఒక్కో ప్రభువు పేరు.

కోట కాపలాదారు పీక్ పొడుగాటి కర్రతో చూపిస్తూ చెబుతున్నాడు. అతని ఇత్తడి గుండీల కోటు ఇవాళ మరీ మెరుస్తోంది.

"ఏ ప్రభువైనా సరే, మొదటిసారి ఈ ఊళ్ళో అడుగు పెట్టాడా, ఒక లాడం ఇచ్చుకోవాల్సిందే. రాజైనా, రాణైనా. కానుక అనుకునేరు, కాదండోయ్, పన్ను! మొనలు కిందకి ఎందుకున్నాయంటారా? పైకుంటే ఆ ఒంపులో సైతాను కూచుంటాడు. మిగతా ఇంగ్లండు సంగతి వాళ్ళిష్టం. మా రట్లండులో సైతానుకి కుర్చీ వెయ్యం."

జనం నవ్వారు. "ఇవ్వనంటేనో?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఇవ్వనంటే, పూర్వం మావాళ్ళు గుర్రాన్ని ఆపి కాలి నుంచి ఒకటి ఊడబీక్కునేవారు. హక్కు మరి." కర్ర ఉత్తరపు గోడ మీదికి మళ్ళింది. "ఇవిగో, మన మార్‌ఫీల్డ్ లార్డులు. మొదటాయన. ఇది రెండో ఆయన, జూదంలో ఊళ్ళకి ఊళ్ళు తగలేశాడు గాని లాడం మాత్రం ఇచ్చాడు. ఇది మూడో ఆయన. ఇదిగో ఈ తళతళలాడేది అయిదో ఆయనది. కెన్యా నుంచి వచ్చి ఇచ్చేసి, మన వాన చూసి మర్నాడే కెన్యా పారిపోయాడు. మరి నాలుగో ఆయన?" కర్ర కొన మూడో లాడానికీ అయిదో లాడానికీ మధ్యనున్న ఖాళీ మేకుని టక్కున కొట్టింది. "ఇన్ని వందల ఏళ్ళలో, ఇంతమంది ప్రభువుల్లో, పన్ను ఎగ్గొట్టినవాడు ఆయనొక్కడే!"

నవ్వు ఎప్పుడూ ఇక్కడే బాగా పడుతుంది. ఎన్నిసార్లు విన్నాడో, ఎనక్ తల కూడా ఎత్తలేదు. కాని ఆ నవ్వులో ఎవరిదో చేతిలో బుట్ట ఒరిగి, ఒక ఉల్లికాడల కట్ట అతని మోకాలి దాకా దొర్లుకుంటూ వచ్చింది. అప్పుడు చూశాడు.

మిస్ సిబిల్. నాలుగో లార్డు చెల్లెలు. గోధుమ రంగు వాన కోటు, తలకి రుమాలు. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. ఆ మేకు వంకే చూస్తూ, బుట్టని కుడిచేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంది, మళ్ళీ కుడిచేతికి మార్చుకుంది. ఎనక్ కట్ట తీసి అందించేలోగా వెనక్కి తిరిగి, నవ్వు ఆగకముందే గుమ్మం దాటేసింది.

ఎనక్ బోల్టు దగ్గరికి తిరిగొచ్చాడు. అది అప్పటికే వదులైంది. అతని చెయ్యి దాన్ని అటు తిప్పాల్సింది ఇటు తిప్పి, మళ్ళీ బిగించేసింది.

*

శుక్రవారం ఉల్లికాడలు పట్టుకుని మార్‌ఫీల్డ్ బయల్దేరాడు. వాటి కోసం ఎవరూ అంత పెట్రోలు తగలెయ్యరని నెల్ గుమ్మంలోంచి అరిచింది. ఆ చలికాలమంతా పెట్రోలుకి కటకట.

లోయలో ఆనకట్ట పని నడుస్తోంది. పసుపుపచ్చ యంత్రాలు కంచెలన్నీ పెళ్ళగించి ఒక పక్కకి నెట్టేశాయి. ఎక్కడ ఎవరి పొలం ఆగి ఎవరిది మొదలవుతుందో ఇప్పుడు కాకికి కూడా తెలియదు. ఏడాదో రెండేళ్ళో గడిస్తే ఇదంతా నీళ్ళు. ఆ బురద మధ్యలో మార్‌ఫీల్డ్ గేట్లు నిలబడి ఉన్నాయి. మనిషికి రెండింతల ఎత్తు. పోత పోసినవి కావు, సుత్తితో సాగగొట్టిన ఇనుము. గోధుమ వెన్నులు, వాటికి చుట్టుకున్న తీగలు, ఏ ఆకుకా ఆకు వేరే చేత్తో చేసినట్టుంటుంది. గేట్ల వెనక ఇల్లు లేదు. కప్పు కురుస్తోందని, పన్ను కట్టలేమని ఎప్పుడో పడగొట్టేశారు. గడ్డి, ఆ గడ్డి చివర గుర్రపుశాల. శాల మీది గదుల్లో మిస్ సిబిల్ ఉంటుంది. సోమవారం ఆవిడ కూడా ఊళ్ళోకి, రొట్టెల కొట్టు మేడ మీదికి మారిపోవాలి.

ఎనక్ ఎప్పటిలాగే గేటు కీలు మీద బొటనవేలు రాసి, వేలు చూసుకుని, తల అడ్డంగా ఊపాడు. ఎప్పటిలాగే ఆవిడ మెట్ల మీద నిలబడి చూస్తోంది.

"బాగా తుప్పు పట్టిందండి, మిస్ సిబిల్. లోపల్నించి తినేస్తోంది."

"పోయినసారీ అదే చెప్పావు, రడ్కిన్. దాని ముందుసారీ అదే. ఈపాటికి తినడం అయిపోయి ఉండాలే."

"నెమ్మదిగా తినే తుప్పండి ఇది."

"పైకి రా. టీ చల్లారిపోతోంది."

ఇదొక పద్ధతి. అతను తుప్పు అంటాడు. ఆవిడ టీ ఇస్తుంది, గింజల కేకు ఒక ముక్క పెడుతుంది. అతను ఒక ధర చెబుతాడు. ఆవిడ ఆలోచించి చెబుతానంటుంది. కేకు బాగుందని చెప్పి అతను వెళ్ళిపోతాడు. మళ్ళీ ఓ రెండు నెలలకి కీలు చూడ్డానికి రావాలి కదా.

ఈసారి కేకు కొయ్యలేదు. గదిలో పెట్టెలు సర్ది తాళ్ళు కట్టేసి ఉన్నాయి. ఆవిడ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కూచుంది.

"పీక్ ఆ మాట ఎప్పట్నించి అంటున్నాడు?"

"చాలా ఏళ్ళ నుంచేనండి."

"ప్రతిసారీ నవ్వుతారా?"

ఎనక్ టీలోకి చూశాడు. "వాన రోజుల్లో కొంచెం తక్కువ నవ్వుతారండి."

ఆవిడ మూతి కొసన ఏదో కదిలింది, నవ్వు కాదు. "జెర్వస్ వచ్చాడు రడ్కిన్. నాన్నని పాతిపెట్టిన మర్నాడు. రెండే రోజుల సెలవు, మళ్ళీ యుద్ధానికి వెళ్ళిపోవాలి. అయినా వాడు మొట్టమొదట చేసిన పని, గుర్రమెక్కి ఓకమ్ వచ్చి కమ్మరికి కోట లాడం చెయ్యమని చెప్పడం. నువ్వు ఆ కొట్లోనే పని చేసేవాడివి కదూ?"

"గుర్రం కాలు పట్టుకున్నది నేనేనండి. ముందు ఎడమ కాలు. లాడం అరిగి, కొత్తది వేశాం. ఇనుము దొరకడం లేదు, కోట లాడం యుద్ధం అయ్యాక చేస్తానన్నాడు మా కమ్మరి. 'అయితే ఈ పాతది ఇలా ఇవ్వండి. ఎవరైనా అడిగితే, ఇదిగో నా పన్ను, ప్రస్తుతానికి ఇంతే అని చూపిస్తా' అన్నారు లార్డు గారు. మీరు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆకుపచ్చ రుమాలు కట్టుకుని..." అక్కడ నోరు మూసుకున్నాడు.

"ఆకుపచ్చదా? నాకే గుర్తులేదు."

కింద యంత్రం ఒకటి మూలిగి ఆగింది.

ఆ పాత లాడాన్ని జెర్వస్ ఇంటికి తెచ్చి, గుర్రపుశాల తలుపుకి తన చేత్తోనే కొట్టి వెళ్ళాడు. ఆ వసంతంలోనే ఇటలీలో చనిపోయాడు. లాడం ఇంకా ఆ తలుపు మీదే ఉంది. మెట్లెక్కేటప్పుడు ఎనక్ దాన్ని చూడకుండా ఎప్పుడూ ఎక్కలేదు.

"గేట్లు తీసుకుపో, రడ్కిన్," అంది ఆవిడ.

అతను కప్పు కింద పెట్టేశాడు. "బేరం కాలేదు కదండీ ఇంకా?"

"డబ్బొద్దు. వాడికి ఒక లాడం చేయించు. అందరికీ ఉన్నలాంటిదే. పెద్దది, బంగారు పూతతో, కిరీటంతో. రట్లండ్ ఉండగా, ఆదివారం లోపల, ఆ మేకుకి తగిలించాలి. వాడు ఎగ్గొట్టలేదు. అది నువ్వు తగిలించిన రోజున గేట్లు నీవి."

ఇంత లాభసాటి బేరం అతని జన్మలో రాలేదు. లండన్‌లో అలాంటి గేట్లకి ఏం పలుకుతుందో అతనికి తెలుసు. అయినా మెట్లు దిగుతుంటే, జేబులోంచి ఏదో పడిపోయినట్టు రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు.

*

"ఇచ్చేవాడేడి?" అన్నాడు పీక్. ఆ సాయంత్రం హాలు మూసేసి, గోడ వారగా నిచ్చెన వేసుకుని, లాడాలు ఒక్కొక్కటీ తుడుస్తున్నాడు.

"చెల్లెలు ఇస్తుందయ్యా."

"చెల్లెలు ప్రభువు కాదు. ఊళ్ళోకి వచ్చినవాడు ఇవ్వాలి, తన పేరున, తను ఇవ్వాలి. చచ్చిపోయినవాడు ఎలా ఇస్తాడు? ఇవాళ ఈవిడకి సరేనంటే రేపు ఊళ్ళో ప్రతివాడూ వాళ్ళ ముత్తాత లార్డని చెప్పి లాడం మోసుకొస్తాడు. నువ్వు ముందొస్తావు, నీ దగ్గర ఇనుముందిగా."

"సోమవారం నుంచి అసలు కౌంటీయే లేదు. ఇంకా ఎవరి కోసం ఈ పట్టుదల?"

పీక్ గుడ్డ దులిపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "లేదు గనకే. పోలీసు టోపీ మీద బొమ్మ మారుస్తారు. బోర్డుల మీద పేర్లు మారుస్తారు. నా జీతం కూడా ఇకనుంచి వాళ్ళే ఇస్తారట. నా దగ్గర మిగిలిందల్లా ఈ పట్టుదలే. దీన్ని కూడా పాత ఇనుములో వేసి తూచమంటావా?"

పీక్ దిగేటప్పుడు ఎనక్ నిచ్చెన పట్టుకున్నాడు.

*

శనివారం సంత. కొట్లో మేకులు తూచి పొట్లాలు కడుతూనే, ఎనక్ ముఖాన ఉన్నదంతా నెల్ చదివేసింది. ఆవిడకి అది కొత్త కాదు.

"గేట్లు వస్తున్నాయంటే గంతులెయ్యాలి గాని, కాటా పోయినవాడిలా కూచుంటావేం?"

"రావు. పీక్ ఒప్పుకోడు."

"అంటే, రావని ఏడుస్తున్నావా, వస్తాయని ఏడుస్తున్నావా?"

ఎనక్ పొట్లం దారం పళ్ళతో తెంపాడు.

"ఇన్నేళ్ళ నుంచి కొంటున్నావు ఆ గేట్లు. ఒకసారి చర్చికి తీసుకెళ్ళి పెళ్ళాడేసెయ్, పీడా పోతుంది. ఊళ్ళో వాళ్ళకి పంది మాంసం కూరిన రొట్టెలు నేను పెడతాను."

"నెల్, నీ నోరు మూసుకుంటే ఆ మేకుల లెక్క చూసుకుంటా."

"నా నోరు మూతపడితే ఈ కొట్టే మూతపడుతుంది." ఆవిడ డబ్బా మూత బిగించింది. "అయినా, పీక్ ఒప్పుకోకపోవడమేంటి? ఆ డెక్స్‌టర్ అరువు పట్టుకెళ్ళిన కాటా ఇవ్వనంటే ఏం చేశావు? ఇచ్చుకోవయ్యా, ఇచ్చుకో అని దండం పెడుతూ కూచున్నావా?"

"వాడు ఇచ్చేదేంటి? అది మనది. వెళ్ళి ఎత్తుకొచ్చాను."

ఆ మాట అన్నాక ఎనక్ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. కొనుక్కోవడానికి వచ్చిన రైతు చెయ్యి చాపి ఉన్నాడు. ఎనక్ పొట్లాన్ని బల్ల మీద పెట్టేసి, టోపీ తీసుకుని, వానలోకి నడిచాడు.

"ఈ రైతు లెక్క నేను చూసుకుంటాలే, వెళ్ళు!" అంది నెల్, వెళ్ళిపోయిన వీపుకి.

పీక్ కోట గేటు దగ్గర గొడుగు కింద నిలబడి, చీజ్ పెట్టిన రొట్టె తింటున్నాడు. ఎనక్ ముందుమాట లేకుండా అడిగాడు.

"నాలుగో మార్‌ఫీల్డ్ పన్ను ఎగ్గొట్టాడా, లేదా?"

"మళ్ళీ వచ్చావా?"

"ఎగ్గొట్టాడా లేదా, ఒక్క మాట చెప్పు."

"ఎగ్గొట్టాడు. ఎవర్నడిగినా చెబుతారు."

"అంటే ఊళ్ళోకి వచ్చాడన్నమాట. రాకపోతే ఎగ్గొట్టడం ఎలా కుదురుతుంది?"

పీక్ నమలడం ఆపాడు. "వచ్చాడు."

"అయితే అతను ఇవ్వాల్సిన లాడం కౌంటీకి రావాల్సి ఉంది."

"ఉంది."

"ఇవ్వనివాడి గుర్రం కాలి నుంచి ఊడబీక్కునే హక్కు మాకుందని మొన్న గొంతు చించుకున్నావే. ఆ హక్కు జనాన్ని నవ్వించడానికేనా? ఇంకా పని చేస్తుందా?"

"పని చెయ్యకేం? ఏ హక్కూ దానంతటది చావదు. కాని గుర్రం ఏదయ్యా? ఏ కాలి నుంచి తియ్యను?"

"కాలి నుంచి తియ్యడం అయిపోయింది. తీస్తుంటే కాలు పట్టుకుంది నేను. ఆ మూలనున్న కమ్మరి కొట్లో, ఈ గోడకి కూతవేటు దూరంలో. ఆ లాడం మార్‌ఫీల్డ్ గుర్రపుశాల తలుపు మీద ఉంది. మీవాళ్ళు వెళ్ళి తెచ్చుకోవడమే ఇన్నాళ్ళూ తరువాయి. రేపటితో అయితే అయినట్టు. లేదంటే, ఆ జోకు మానెయ్. రెండూ నీకు కుదరవు పీక్."

వాన గొడుగు మీద పడుతోంది. పీక్ నాలికతో పంటి సందున ఇరుక్కున్న చీజ్ వెతుక్కుంటూ ఎనక్ బూట్లకేసి చూశాడు.

"ఆవిడ ఇవ్వకూడదు," అన్నాడు చివరికి. "ఆవిడ చేత్తో ఇస్తే కానుకైపోతుంది. చెల్లదు. ఆవిడ ఇవ్వనని అనాలి, నేను తీసుకోవాలి."

"అంటుంది."

"లారీలో నా సీటు మీద నూనె మరకలుంటే నేను రాను. ఇది కౌంటీ కోటు."

*

ఆదివారం చర్చి గంటలు అయిపోయాక బయల్దేరారు. సీటు మీద నెల్ ఉతికిన దుప్పటి పరిచింది. పీక్ ఇత్తడి గుండీలన్నీ పెట్టుకుని, ఒళ్ళో పట్టకారు పెట్టుకుని, గుంటలో చక్రం పడ్డప్పుడల్లా తిట్టకుండా పెదాలు బిగించాడు. వాన వెలిసింది. యంత్రాలకి సెలవు. లోయంతా బురద మెరుస్తోంది గాని, చప్పుడు లేదు.

మిస్ సిబిల్ గుర్రపుశాల ముందు నిలబడి ఉంది. ఎనక్ ముందు దిగి వెళ్ళి, టోపీ చేత్తో నలుపుతూ సంగతి చెప్పాడు. బంగారు పూతది కుదరలేదు, ఈ అరిగినదే కుదురుతుంది అన్నప్పుడు ఆవిడ తల తిప్పి తలుపు వైపు చూసింది.

"వాళ్ళందరివీ అంత పెద్దవి. వాటి మధ్య ఇదా?"

"గుర్రం కాలికి నిజంగా తొడిగింది ఆ గోడ మీద ఇదొక్కటే అవుతుందండి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పీక్ అడుగుతాడు. ఇవ్వనని చెప్పండి. అంతే."

"అది నేను చెప్పగలను," అంది ఆవిడ.

పీక్ దిగి, బురదలో పొడి చోటు వెతుక్కుని నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. హాల్లో పర్యాటకులకి చెప్పే గొంతు కాదు అది.

"మార్‌ఫీల్డ్ నాలుగో ప్రభువు ఓకమ్ పట్టణంలో అడుగు పెట్టినందుకు రట్లండ్ కౌంటీకి ఒక లాడం పన్ను ఇవ్వాలి. ఆయన తరఫున ఉన్నవాళ్ళని అడుగుతున్నాను. ఇస్తారా?"

"ఇవ్వను," అంది మిస్ సిబిల్.

"అయితే కౌంటీ తీసుకుంటుంది." పీక్ పట్టకారు తీసుకుని రెండడుగులు ముందుకు వేశాడు.

ఆవిడ పక్కకి తప్పుకోలేదు. వీపు తలుపుకి ఆనించి నిలబడింది. లాడం ఆవిడ భుజానికి పైన, చెవి పక్కన ఉంది.

"మిస్ సిబిల్, ఇవ్వననడం అయిపోయిందండి. ఇక జరగొచ్చు," అన్నాడు పీక్ మెల్లిగా.

"ఇవ్వనన్నానుగా."

పీక్ ఎనక్ వైపు చూశాడు. ఎనక్‌కి అర్థమైంది. ఇన్నేళ్ళ బేరాల్లో ఆవిడ గొంతు అతనికి తెలుసు. ఆలోచించి చెబుతాననే గొంతు కాదిది.

"ఆ మేకులు వాడు కొట్టాడు," అంది. "సుత్తి దొరక్క రాయితో కొట్టాడు. ఒకటి వంకరగా దిగింది, చూడండి. ఇల్లు పోయింది. పొలం పోయింది. రేపు ఈ నేలే ఉండదు. వాడి చెయ్యి తగిలిన చోటు నాకింకొకటి చూపించండి, ఇది ఇచ్చేస్తాను."

పీక్ పట్టకారు కిందకి దించాడు. టోపీ తీశాడు; చర్చిలో తప్ప అతను టోపీ తియ్యడం ఎనక్ చూడలేదు.

"నేను ఆయన్ని ఎగ్గొట్టినవాడని అన్నానండి. మీరు విన్నారని రడ్కిన్ చెప్పాడు. జనం నవ్వారు, నిజమే. కాని ఒకటి చూడండి. అయిదో ఆయన లాడం అంత పెద్దది ఉంది, ఆయన పేరు ఇంటికెళ్ళాక ఒక్కడికీ గుర్తుండదు. ఖాళీ మేకు దగ్గర ప్రతివాడూ ఆగుతాడు. ఎవరాయన, ఏమయ్యాడు అని అడుగుతాడు. నేను చెబుతాను, ఇటలీలో పోయాడని. నవ్వినవాళ్ళు అప్పుడు ఆపేస్తారు. మీరు మొన్న అప్పటిదాకా ఉండలేదు." టోపీ అంచు తిప్పుతూ ఆగాడు. "రేపట్నించి వచ్చేవాళ్ళకి ఖాళీ మేకు కనిపిస్తే ఊడబీకి, కన్నం పూడ్చేస్తారు. వాళ్ళకి రట్లండే ఏంటో తెలీదు, ఇంక ఈయనెవరు? మేకు మీద వస్తువుంటే మాత్రం, కదిలించడానికి ఎవరికీ చెయ్యి రాదు."

ఆవిడ చెయ్యెత్తి ఆ వంకర మేకుని వేలితో తడిమింది. ఆ తర్వాత అడిగింది, "నేనే తీసి ఇస్తేనో?"

"చెల్లదండి. మీ చెయ్యి పడకూడదు."

"తలుపు కీలు ఊడి ఉంది. నువ్వు లాగితే ఊగుతుంది. పట్టుకోవచ్చా, అది కూడా చెల్లదా?"

పీక్ ఆలోచించాడు. "తలుపు పట్టుకోవచ్చు. తలుపు మీద కౌంటీకి హక్కు లేదు."

ఆవిడ పక్కకి జరిగి, రెండు అరచేతులూ చెక్కకి ఆనించి, భుజం కూడా ఆనించింది. పీక్ ఒక్కో మేకూ పట్టకారుతో కరిచి, చెక్క చీలకుండా కొంచెం అటు, కొంచెం ఇటు ఊపి లాగాడు. వంకర మేకు చివరిదాకా రాలేదు. ఎనక్ జేబులోంచి నూనె డబ్బా తీసి, దాని మొదట్లో ఒక చుక్క వేసి, "ఆగుదాం కాసేపు" అన్నాడు. ముగ్గురూ ఆ మేకు వైపు చూడకుండా, లోయ వైపు చూస్తూ నిలబడ్డారు.

అది వచ్చాక, లాడం ఉన్న చోట చెక్క మీద తెల్లటి ఒంపు మిగిలింది, కొత్త చెక్కలా. పీక్ లాడాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు. మేకులు మాత్రం ఆవిడ అరచేతిలో పోశాడు.

"పన్ను లాడం వరకేనండి. మేకులు మీవి."

*

మధ్యాహ్నానికి లాడం గోడ మీదికెక్కింది. మొనలు కిందకి. ఆవిడ కింద నిలబడి చూస్తోంది, ఎనక్ నిచ్చెన పట్టుకున్నాడు. రెండు పెద్ద బంగారు లాడాల మధ్య అది గుప్పెడంత ఉంది, ఒక పక్క బాగా అరిగి ఉంది. పీక్ దాన్ని తగిలించి, దిగబోయి, మళ్ళీ ఎక్కి వెంట్రుకవాసి పక్కకి సర్దాడు. తగిలించినవాడు చెయ్యి తీసేశాక కూడా కాసేపు ఆ లాడం ఊగింది. ఊగడం ఆగేదాకా ఎవరూ కదల్లేదు.

ఆ సాయంత్రమే ఎనక్ గేట్లు విప్పి తెచ్చాడు. మాట మాటే కదా. కీళ్ళలో అతను చెప్పిన తుప్పు ఎక్కడా లేదు. గేట్లు లేని ఆ దారిలోంచి లారీ బయటికి వస్తుంటే, బయటికి వచ్చానా లోపలే ఉన్నానా అతనికి తెలియలేదు. ఇక ఆ వైపు రావడానికి పనేమీ లేదు.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. వాన మామూలుగానే పడింది. లారీ తలుపు మీద చివరి మాట చెరిపేసి కొత్త పేరు రాయించమని నెల్ అడిగితే, రంగు ఖరీదుగా ఉందన్నాడు. పెరట్లో గోడకి ఆనించి గేట్లని నిలబెట్టాడు, పడుకోబెడితే తీగలు వంగిపోతాయని. మంగళవారం లెస్టర్ నుంచి ఒక వర్తకుడు వచ్చి చూసి, నోరు తెరిచి, మంచి ధరే చెప్పాడు. ఎనక్ ఆలోచించి చెబుతానన్నాడు.

బుధవారం సంత. పొద్దున్నే కోటలో పని తగిలి వెళ్ళాడు, పాత పొయ్యి ఉన్న చోట కొత్తది బిగించడానికి. హాల్లో నలుగురైదుగురు ఉన్నారు. ఒక ముసలాయన వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు, "అదేంటయ్యా, అంతమంది ప్రభువుల మధ్య అంత చిన్నది? ఆయనేమైనా పిసినిగొట్టా?"

పీక్ కర్ర ఎత్తలేదు. "ఆయన ఇవ్వలేదండి," అన్నాడు. "మేమే వెళ్ళి తీసుకున్నాం. రట్లండ్ వసూలు చేసుకున్న చివరి పన్ను అది." ఎవరూ నవ్వలేదు. అతను నవ్వు కోసం ఆగనూ లేదు.

ఎనక్ ఇంటికొచ్చేసరికి పెరట్లో గోధుమ రంగు వాన కోటు కనిపించింది. మిస్ సిబిల్ బుట్ట పక్కన పెట్టి, గేటు కీలు మీద బొటనవేలు రాసి, వేలు చూసుకుంటోంది.

"తుప్పు పడుతోంది, రడ్కిన్," అంది. "బయట వానలో పెట్టావు."

"నెమ్మదిగా తినే తుప్పండి. పరవాలేదు."

"అమ్ముడుపోయాయేమో చూద్దామని వచ్చాను."

"ఒకాయన వచ్చాడండి. బేరం తెగలేదు."

"మంచి ధర చెప్పలేదా?"

"కొంచెం తక్కువ చెప్పాడు."

ఆవిడ అతని ముఖం వంక చూసింది, అలవాటైన సరుకులో ఏదో కొత్త గుర్తు కనిపించినట్టు. "తొందరపడకు," అంది. "శనివారం సంతకి ఎలాగూ వస్తాను. అప్పుడు చూస్తా."

కొట్టు కిటికీలోంచి నెల్ అరిచింది, టీ చల్లారిపోతోంది, ఇద్దరూ లోపలికి వచ్చి తగలడండి అని. ఆ వెంటనే, మిస్ సిబిల్ గారూ, మిమ్మల్ని కాదు, వాణ్ణి అని.

లెక్క చూసుకుంటే ఎనక్‌కి ఈ వ్యవహారంలో మిగిలింది ఇది. గేట్లు ఒక జత, అమ్మకం కానివి. కోట పొయ్యి ఒకటి, బీటవారినది. ఇప్పుడు లేని కౌంటీ పేరు ఒకటి, లారీ తలుపు మీద చెరపనిది. ఇన్నేళ్ళూ ఆ బేరం కోసం అతను మార్‌ఫీల్డ్ వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ బేరమే నడిచి అతని పెరట్లోకి వస్తుంది, బుధవారాలూ శనివారాలూ. పెట్రోలు కలిసొచ్చింది.